ఊరే బడి: పెద్దలు ఐరిష్ నేర్చుకోవడానికి గేల్తఖ్త్ కోర్సు ఎంచుకునే పద్ధతి

ఐర్లండ్‌లో 2022 జనాభా లెక్కల ప్రకారం ఐరిష్ వచ్చని చెప్పినవాళ్లు దాదాపు 18.7 లక్షల మంది. బడి బయట రోజూ మాట్లాడతామన్నవాళ్లు మాత్రం 71,968 మందే. పదమూడు, పద్నాలుగేళ్లు బడిలో చదివి కూడా నాలుగు మాటలు అడిగితే నోరు పెగలని పరిస్థితి అక్కడ సర్వసాధారణం. పుస్తకం సరిపోలేదు కాబట్టే పెద్దలు ఐరిష్ మాట్లాడే ఊళ్లకు వెళ్లి, అక్కడే ఉండి, తింటూ తిరుగుతూ నేర్చుకునే కోర్సులు పుట్టాయి. ఆ ఊళ్లున్న ప్రాంతాలను గేల్తఖ్త్ అంటారు.

తెలుగువాళ్లకు దీనితో పనేమిటంటే, డబ్లిన్‌లోనో కార్క్‌లోనో ఉంటున్నవారి పిల్లలకు బడిలో ఐరిష్ తప్పనిసరి పాఠం. హోంవర్కు దగ్గర అమ్మానాన్నలు నిస్సహాయంగా కూర్చోవాల్సి వస్తోంది. పైగా 2030 చివరికల్లా ప్రభుత్వ సంస్థల్లో కొత్తగా చేరేవారిలో కనీసం 20 శాతం మందికి ఐరిష్ వచ్చి ఉండాలని 2021 నాటి చట్టం లక్ష్యం పెట్టింది. వీటిలో ఏ కారణమూ లేకుండా భాష మీద ప్రేమతో నేర్చుకుంటామన్నా మంచిదే, ఎంచుకునే పద్ధతి మారదు.

ముందుగా ఒక్క మాట. ఇలాంటి కోర్సును సముద్రతీరం ఫొటోలు చూసి ఎంచుకోకూడదు, ఫీజు చూసీ ఎంచుకోకూడదు. రోజు మొత్తంలో మీ చెవిన ఐరిష్ ఎన్ని గంటలు పడుతుంది, మీ నోట ఎన్ని గంటలు పలుకుతుంది అన్నదే కొలబద్ద.

1. మీ స్థాయి తేల్చుకోండి

యూరప్ భాషలన్నిటికీ వాడే ఎ1 (మొదటి మెట్టు) నుంచి సి2 (చివరి మెట్టు) దాకా ఉన్న మెట్లే ఇక్కడా వాడతారు. ఐరిష్‌కు ఈ మెట్ల మీద పరీక్ష పెట్టేది మేనూత్ విశ్వవిద్యాలయం. పరీక్ష పేరు టెగ్, 2005 నుంచి నడుస్తోంది. ఎ1 దాటడానికి సుమారు 80 నుంచి 100 గంటల చదువు కావాలి. వారం రోజుల కోర్సులో క్లాసు గంటలు 25కు అటూ ఇటూగా ఉంటాయి. అంటే ఒక్క వారంలో భాష రాదు. వారం చేసే మేలు ఏమిటంటే, అప్పటికే తలలో ఉన్నదాన్ని నోటికి తెస్తుంది. తలలో ఏమీ లేకుండా వెళ్తే ఆ వారమంతా పలకరింపులు, అంకెలు నేర్చుకోవడానికే సరిపోతుంది. వాటిని ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు.

తమ స్థాయిని ఎక్కువగా చెప్పుకుని ఇబ్బంది పడేవాళ్లు తక్కువే. తగ్గించి చెప్పుకుని నష్టపోయేవాళ్లే ఎక్కువ. యాప్‌లో ఏడాది గడిపి, వాక్యాలు చదివి అర్థం చేసుకోగలిగినవారు భయంతో కొత్తవాళ్ల మొదటి తరగతిలో చేరతారు. మంగళవారానికే విసుగొస్తుంది. చేరేముందు ఓ చిన్న పరీక్ష పెట్టుకోండి: మీ గురించి, మీ ఇంటివాళ్ల గురించి, నిన్న చేసిన పనుల గురించి కాగితం చూడకుండా రెండు నిమిషాలు ఐరిష్‌లో మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేయండి. నిన్నటి సంగతి భూతకాలంలో చెప్పగలిగితే మీరు మొదటి తరగతి దాటినట్టే.

2. యాస ముందు, కోర్సు తర్వాత

చాలామంది దీన్ని వెనక్కి నెడతారు. నిజానికి మొదట తేలాల్సింది ఇదే. ఐరిష్‌కు మూడు పెద్ద యాసలున్నాయి: దక్షిణాన మన్‌స్టర్, పడమట కానక్ట్, ఉత్తరాన అల్‌స్టర్. భాష పేరే మూడు చోట్ల మూడు రకాలు: గేలిన్, గేల్గె, గేలిక్. క్షేమం అడగాలంటే మన్‌స్టర్‌లో "కొనస్ తీ?" అంటారు, కానక్ట్‌లోని కానమారాలో "కే ఖీ విల్ తూ?" అంటారు, అల్‌స్టర్‌లోని డొనెగాల్‌లో "కజే మర్ అతా తూ?" అంటారు. మన "ఎట్లున్నవ్", "ఎలా ఉన్నావ్", "ఎట్టుండావ్" లాంటి తేడాయే ఇది. కాకపోతే మొదలుపెట్టే మనిషి చెవికి ఇవి మూడూ మూడు వేర్వేరు వాక్యాలు. 1958లో ప్రభుత్వం ప్రామాణిక రూపం ఒకటి ఖరారు చేసింది కానీ అది రాతకు. ఏ ఊరివాళ్లూ ఇంట్లో దాన్ని మాట్లాడరు.

ఎలా ఎంచుకోవాలి? పిల్లల టీచరు ఏ యాసలో చెబుతారో అది మొదటి ఆధారం. ఉండే చోటు రెండోది: కార్క్, లిమెరిక్ వాళ్లకు మన్‌స్టర్ దగ్గర, గాల్వే వాళ్లకు కానక్ట్ దగ్గర. ఈ రెండూ వర్తించకపోతే టీన్‌గ్లన్ నిఘంటువు వెబ్‌సైటులో ఒకే మాటను మూడు యాసల్లో పలికించి వినండి. ఏది చెవికి ఆనుతుందో అదే మీది. తెలుగువారికి మన్‌స్టర్‌లో ఒక వెసులుబాటు ఉంది. మిగతా చోట్ల "తా మే" అని రెండు మాటల్లో అనేదాన్ని అక్కడ "తామ్" అని ఒక్క మాటలో అంటారు. "ఉన్నాను"లో "నేను" ఇమిడిపోయినట్టే, అక్కడ చాలా క్రియల చివర మనిషి ఇమిడిపోతాడు.

ఒకసారి ఎంచుకున్నాక కనీసం రెండేళ్లు మార్చకండి. ఈ వేసవి మన్‌స్టర్‌లోని కెర్రీ, వచ్చే వేసవి డొనెగాల్ అని తిరిగితే ఊళ్లు చూసినట్టవుతుంది, చెవి మాత్రం స్థిరపడదు.

3. పేరుకు గేల్తఖ్త్, నిజంగా గేల్తఖ్త్

ప్రభుత్వం గీసిన గీత లోపల ఉన్న ఊరల్లా ఐరిష్‌లో బతకడం లేదు. 2007లో వచ్చిన భాషా సర్వే ఈ ప్రాంతాలను మూడు తరగతులుగా విడదీసింది. రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్లు 67 శాతానికి మించిన చోట్లు మొదటి తరగతి. దక్షిణ కానమారా, ఆరన్ దీవులు, డొనెగాల్‌లో గ్వీడోర్ చుట్టుపక్కల, కెర్రీలో డింగిల్ ద్వీపకల్పం పడమటి కొస ఇలాంటివి. మూడో తరగతి ఊళ్లలో క్లాసు బాగున్నా బయట దుకాణంలో, పబ్బులో వినిపించేది ఇంగ్లిషే.

అలాగని మూడో తరగతి ఊళ్లు పనికిరానివని కాదు. బలమైన కోర్సు నడిచే చోట కోర్సువాళ్లే ఒక చిన్న ఊరై అందరూ ఐరిష్‌లోనే మాట్లాడుకుంటారు. డొనెగాల్ పడమటి కొసన గ్లెన్‌కోలమ్‌కిల్‌లో 1984లో మొదలైన ఓయిదస్ గేల్ అనే సంస్థ పెద్దల కోర్సులకే పేరుపడింది. భాషా తరగతులతో పాటు కొండలెక్కడం, నాట్యం వంటివి కూడా ఐరిష్‌లోనే నేర్పుతుంది. మొదటిసారి వెళ్లేవారికి ఇలాంటి చోటే మేలు, ఎందుకంటే అక్కడికి వచ్చేవారంతా మీలాగే తడబడుతూ మాట్లాడతారు. బి1, అంటే మూడో మెట్టు, దాటినవారికి కానమారాలోని కారరో మేలు. యూనివర్సిటీ ఆఫ్ గాల్వేకు అక్కడ ఒక కేంద్రం ఉంది. కేంద్రం బయట ఊరు కూడా ఐరిష్‌లోనే నడుస్తుంది.

డబ్లిన్ దాటి దూరం వెళ్లలేనివారికి మీత్ కౌంటీలో రాకార్న్ ఉంది. 1935లో కానమారా నుంచి కుటుంబాలను తెచ్చి ప్రభుత్వం స్థిరపరచిన ఊరు అది. అందుకే తూర్పున ఉన్నా అక్కడి యాస పడమటిది.

4. గంటల లెక్క

రెండు ఊహాత్మక కోర్సులు తీసుకుందాం. మొదటిదానిలో క్లాసు రోజుకు ఐదు గంటలు, ఐదు రోజులకు 25. బస హోటల్లో. సాయంత్రాలు ఖాళీ. మొత్తం 25. రెండోదానిలో క్లాసు రోజుకు నాలుగు గంటలే, మొత్తం 20. సాయంత్రం రెండు గంటలు పాటలు, నాట్యం లేదా నడక, మరో 10. బస ఐరిష్ మాట్లాడే ఇంట్లో, ఉదయం, రాత్రి భోజనాల దగ్గర కలిపి రోజుకు గంటన్నర, అంటే మరో ఏడున్నర. మొత్తం ముప్ఫై ఏడున్నర. కాగితం మీద మొదటిది పెద్ద కోర్సు. నోటికి రెండోది పెద్దది. పైగా ఆ ఇంటి గంటన్నరలో మీరొక్కరే లేదా ఇద్దరే ఉంటారు. పదిహేను మంది క్లాసులో మీ వంతుకు వచ్చే నిమిషాలతో దాన్ని పోల్చి చూడండి.

బస ఇచ్చే ఇంటి ఇల్లాలిని "బ్యాన్ అ తీ" అంటారు. మాటకు మాట చూస్తే ఇంటి స్త్రీ అని అర్థం. గేల్తఖ్త్ కోర్సుల్లో సగం చదువు ఆమె వంటింట్లోనే జరుగుతుందంటే అతిశయోక్తి కాదు.

నలుగురు తెలుగువాళ్లు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుని వండుకు తినాలనే ఆలోచన సహజమే, ఖర్చూ తగ్గుతుంది. కానీ సాయంత్రం ఆ ఇంట్లో నడిచేది తెలుగే. స్నేహితులతో వెళ్తే వేర్వేరు ఇళ్లలో బస అడగండి.

5. డబ్బు కట్టేముందు ఈమెయిల్‌లో అడగాల్సినవి

వెతికేటప్పుడు "దొ ఘీనె ఫాస్త" అన్న మాట చూసుకోండి, పెద్దల కోసం అని అర్థం. వేసవిలో గేల్తఖ్త్ అంతటా పిల్లల కాలేజీలే ఎక్కువగా నడుస్తాయి. పేర్లు ఒకేలా ఉంటాయి కాబట్టి పొరబడటం తేలిక. తర్వాత ఇవి అడగండి:

- మా స్థాయికి ఆ వారం నిజంగా తరగతి ఉంటుందా, లేక చేరినవారి సంఖ్యను బట్టి రెండు స్థాయిలు కలిపేస్తారా? తెలిసో తెలియకో ఎక్కువ కోర్సులు చెడేది ఇక్కడే.
- ఒక క్లాసులో గరిష్ఠంగా ఎంతమంది? పన్నెండు లోపు మంచిది. పదహారు దాటితే ఆలోచించండి.
- కొత్తవాళ్ల మొదటి తరగతిలో టీచరు ఇంగ్లిష్ వాడతారా? వ్యాకరణం వివరించడానికి కొద్దిగా వాడటం మంచిదే. ఇంగ్లిష్ అసలు వాడం అని చెప్పే కోర్సు ఎ2 దాటినవారికి సరిపోతుంది, సున్నా నుంచి మొదలుపెట్టేవారికి కాదు.
- టీచరు ఏ యాస మాట్లాడతారు? ఊరు కెర్రీదైనా టీచరు గాల్వే మనిషి కావచ్చు.
- మొదటి రోజు స్థాయి కుదరకపోతే తరగతి మార్చుకోవచ్చా?
- మధ్యాహ్నాలు, సాయంత్రాలు ఏ భాషలో జరుగుతాయి? "సాంస్కృతిక కార్యక్రమాలు" అని రాసి ఇంగ్లిష్‌లో నడిపేవీ ఉన్నాయి.
- బస ఫీజులో కలిసి ఉందా, విడిగానా? రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుంది?

జవాబు ఎంత వివరంగా వస్తుందన్నదే కోర్సు నాణ్యతకు మొదటి గుర్తు. "అన్ని స్థాయిల వారికీ స్వాగతం" అని ఒక్క ముక్కలో జవాబిస్తే మరోసారి అడగండి.

ప్రైమరీ బడి టీచరుగా అక్కడ నమోదు కావాలనుకునే విదేశీ శిక్షణ పొందినవారి సంగతి వేరు. వారి ఐరిష్ అర్హతకు గుర్తింపు పొందిన గేల్తఖ్త్ కోర్సు హాజరు అవసరం కావచ్చు. నచ్చిన కోర్సును అక్కడి టీచింగ్ కౌన్సిల్ అంగీకరిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఫీజు కట్టండి.

6. ప్రయాణం, వీసా, భోజనం

భారత పాస్‌పోర్టు ఉన్నవారు ఇండియా నుంచి వస్తే వీసా కావాలి. మూడు నెలల లోపు చదువుకు స్వల్పకాల వీసా ఉంది, దరఖాస్తుకు కోర్సువాళ్ల లేఖ, ఫీజు కట్టిన రసీదు జతచేయాలి. కాబట్టి బుకింగ్ కొన్ని నెలల ముందే మొదలుపెట్టండి.

ఐర్లండ్‌లో నివసించే తెలుగువారు పడే గొయ్యి ఇంకొకటి ఉంది. డబ్లిన్ నుంచి డొనెగాల్‌కు నేరుగా వెళ్లే బస్సులు ఉత్తర ఐర్లండ్ మీదుగా పోతాయి. అది బ్రిటన్ భూభాగం. సరిహద్దు దగ్గర గేటు, తనిఖీ కేంద్రం కనిపించవు కానీ చట్టం ఉంది. భారత పాస్‌పోర్టు మీద ఐరిష్ నివాస కార్డు మాత్రమే ఉంటే అందులోకి వెళ్లడానికి బ్రిటన్ వీసా కావాలి. బస్సుల్లో అప్పుడప్పుడు తనిఖీలు జరుగుతాయి. వీసా లేనివారు డబ్లిన్ కానలీ స్టేషన్ నుంచి స్లైగోకు రైలెక్కి, అక్కడి నుంచి డొనెగాల్ పట్టణానికి బస్సు పట్టుకోవాలి. కాస్త చుట్టే కానీ దారంతా ఐర్లండ్‌లోనే ఉంటుంది.

కారులో వెళ్తే ఊరి ఐరిష్ పేరు రాసి పెట్టుకోండి. 2005 నుంచి గేల్తఖ్త్‌లో దారి పలకల మీద ఇంగ్లిష్ పేర్లు లేవు. మీరు కారరో అని వెతుకుతుంటే పలక మీద "అన్ ఖ్యహ్రూ రూఅ" అని ఉంటుంది. దీవులకైతే పడవ తప్పిపోయినా బయల్దేరకపోయినా రాత్రికి ఎక్కడుండాలో ముందే ఆలోచించుకోండి, గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు.

శాకాహారులు ఆ సంగతి బుకింగ్‌లోనే రాయాలి, చేప కూడా తినం అని విడిగా రాయాలి. చేప తింటేనేం అనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. "ఫ్యోల్‌శేన్తోర్" అంటే శాకాహారి.

7. వెళ్లేముందు ఎనిమిది వారాలు

కోర్సు ఫలితంలో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతుంది. రోజుకు అరగంట చాలు. మొదటి మూడు వారాలు ధ్వనులకే కేటాయించండి.

ఐరిష్‌లో దాదాపు ప్రతి హల్లుకూ రెండు రూపాలు: వెడల్పుది, సన్ననిది. "బో" అంటే ఆవు, "బ్యో" అంటే ప్రాణంతో ఉన్నది. "బాద్" అంటే పడవ. చివరి ద సన్నబడి "బాద్య్" అయితే, కొన్ని చోట్ల "బాజ్" అయితే, పడవలు. ఈ తేడా వినలేకపోతే ఏకవచనమో బహువచనమో తెలియదు. ఇంగ్లిష్ మాట్లాడేవారికి లేని మేలు ఒకటి మనకుంది: ఐరిష్ వెడల్పు త, ద నాలుకను పళ్లకు ఆనించి పలికేవి. మన త, ద అవే. ఇంగ్లిష్ అలవాటుతో వాటిని ట, డ చేయకుండా ఉంటే చాలు.

తర్వాత రెండు వారాలు మాట మొదట్లో వచ్చే మార్పులకు ఇవ్వండి. "కత్" పిల్లి. "మొ ఖత్" నా పిల్లి. "ఆర్ గత్" మా పిల్లి. కొత్తవారు చాలామంది ఇక్కడే బెదిరిపోతారు. పదో తరగతి తెలుగు వ్యాకరణం గుర్తున్నవారు బెదరనక్కర్లేదు. ద్రుతం మీద పరుషాలకు సరళాలు వస్తాయని చదివాం కదా: పూచెను + కలువలు = పూచెఁగలువలు. క గ అయింది, త ద అవుతుంది, ప బ అవుతుంది. ఐరిష్‌లో "ఉరూ" అనే మార్పు క, త, పల విషయంలో సరిగ్గా ఇదే, దాని పుట్టుక కూడా ముందు మాట చివర ఒకప్పుడున్న న్ లాంటి అనునాసికం నుంచే. మనం పద్యాల్లో వదిలేసి వచ్చిన సంధిని వాళ్లు పాల ప్యాకెట్ కొనేటప్పుడు కూడా వాడుతున్నారు.

ఆరు, ఏడు వారాలు వాక్యాలకు. "నా దగ్గర పుస్తకం ఉంది" అన్నట్టే "తా ల్యౌర్ అగమ్". ఇంగ్లిష్‌లోలా కలిగి ఉండటానికి వేరే క్రియ లేదు. "నాకు ఆకలిగా ఉంది" బదులు "తా ఒక్రస్ ఒరమ్", ఆకలి నా మీద ఉంది. "ఆమె టీచరు" అన్నప్పుడు మనం "ఉంది" వాడం, "ఆమె ఇంట్లో ఉంది" అన్నప్పుడు వాడతాం. ఐరిష్‌లోనూ ఈ రెంటికీ వేర్వేరు దారులు: "ఇస్ మూన్చోర్ ఈ", "తా షీ స వాల్యె". అవును, కాదు అన్న మాటలే లేవు. "ఉందా?" అంటే "ఉంది", "లేదు" అని మనం అన్నట్టు "తా", "నీల్" అంటారు. ఇంగ్లిష్‌లోకి మార్చుకుని ఆలోచిస్తే ఇవన్నీ వింతగా కనిపిస్తాయి. తెలుగు నుంచి నేరుగా వెళ్లండి.

కష్టం మరోచోట ఉంది. ఐరిష్ వాక్యంలో క్రియ మొదట వస్తుంది. "చూశాడు షాన్ పిల్లిని" అన్నట్టు, "ఖనిక్ షాన్ అన్ కత్". తెలుగులో వాక్యం చివరిదాకా క్రియను ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. అక్కడ నోరు తెరిచేసరికే అది సిద్ధంగా ఉండాలి. కాబట్టి మామూలు నియమానికి లొంగని అపక్రమ క్రియలు పదకొండింటినీ భూతకాలంలో నిద్రలో లేపి అడిగినా చెప్పేలా కంఠతా పట్టండి. ఉన్నవే పదకొండు.

చివరి వారం గేల్తఖ్త్ రేడియో పెట్టుకుని పనులు చేసుకోండి. 1972 నుంచి నడుస్తున్న ఆ రేడియో ఇంటర్నెట్‌లో ఎక్కడైనా వస్తుంది. అర్థం కాకపోయినా ఫర్వాలేదు, మాట ఎక్కడ ఆగి ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే చాలు.

8. అక్కడికి వెళ్లాక

మూడో రోజు తల బరువెక్కుతుంది. సోమవారం వచ్చిన మాటలు కూడా బుధవారం రావు. చెవి కొత్త శబ్దాలను సర్దుకునే దశ అది. ఆ సాయంత్రం కార్యక్రమం మానేసి గదిలో ఇంగ్లిష్ సినిమా చూడాలనిపిస్తుంది. వెళ్లండి, మాట్లాడకపోయినా కూర్చుని వినండి.

మీరు తడబడగానే ఊరివాళ్లు ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. అది మర్యాద, మీకు కష్టం కలగకూడదని. మారకుండా ఆపే మాట నేర్చుకోండి: "తా మే ఎ ఫౌలిమ్", నేర్చుకుంటున్నాను. మళ్లీ చెప్పమనడానికి "అబిర్ అరీశ్ ఏ". ఈ రెండూ చిరునవ్వుతో అంటే చాలామంది ఐరిష్‌లోనే, కాస్త నెమ్మదిగా కొనసాగిస్తారు.

తరగతి కుదరలేదని సోమవారం మధ్యాహ్నానికే చెప్పండి. బుధవారం చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. నోటుబుక్కులో రోజుకు ఇరవై మాటలకు మించి రాయకండి. రాసిన ప్రతిదాన్నీ ఆ రాత్రి భోజనం దగ్గర ఒక్కసారైనా వాడండి.

9. తిరిగి వచ్చిన మొదటి పది రోజులు

వారంలో వచ్చిన నోటి చురుకు పది రోజులు పలకకపోతే మొద్దుబారుతుంది. కాబట్టి వెళ్లేముందే, తిరిగి వచ్చిన వారంలో ఎవరితో మాట్లాడతారో ఖాయం చేసుకోండి. సంభాషణ బృందాలను "కిర్కల్ కోరా" అంటారు, చాలా పట్టణాల్లో గ్రంథాలయాల్లో, కాఫీ దుకాణాల్లో కలుస్తారు. 1893లో పుట్టిన కాన్రా న గేల్గె, 1953లో మొదలైన గేల్ లిన్ అనే ఐరిష్ భాషా సంస్థలు సాయంత్రపు తరగతులు నడుపుతాయి. క్లాసులో పరిచయమైన ఒకరితో వారానికి అరగంట ఫోన్ మాటలు పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇంట్లో పిల్లలుంటే వాళ్లతో రోజూ రాత్రి భోజనం దగ్గర ఐదు నిమిషాలు ఐరిష్‌లోనే మాట్లాడండి. తప్పులు దిద్దే బాధ్యత వాళ్లకే అప్పగించండి, సంతోషంగా చేస్తారు.